ఇస్త్రీపెట్టెకు పీట

ఉదయము తొమ్మిది గంటల వేళ. ఇంటిలో ఒకరు బడికి, ఒకరు ఆఫీసుకు బయలుదేరుచున్నారు. బల్లమీద నాలుగు మడతలు వేసిన దుప్పటి, దానిమీద చొక్కా, చొక్కామీద ఇస్త్రీపెట్టె. చొక్కా సగము అయినదో లేదో కరెంటు పోయినది. పెట్టె ఎటులను చల్లబడును గదా అని దానిని దుప్పటిమీదనే వదలి, నలిగిన చొక్కాయే తొడుగుకొని, తలుపునకు తాళమువేసి అందరును వెళ్ళిపోయిరి. మీట ఆర్పవలెనని గాని, ప్లగ్గు తీయవలెనని గాని ఎవరికిని తోచలేదు. పదకొండు గంటలకు కరెంటు తిరిగివచ్చినది. ఖాళీ ఇంటిలో పెట్టె తన పనిని తాను మరల మొదలుపెట్టినది.

ఇటుపైన ఏమి జరుగునన్నది ఆ పెట్టెక్రింద ఏమున్నదన్న దానినిబట్టి ఉండును. దుప్పటి ఉన్నచో ఒక కథ, ఇటుక ఉన్నచో మరియొక కథ, సరియైన పీట ఉన్నచో వేరొక కథ. కుండకు కుదురు వలెనే ఇస్త్రీపెట్టెకు పీట. చూచుటకు అల్పమైన వస్తువే గాని, దానిని సరిగా రూపొందించుటకు ఉన్నత పాఠశాలలో నేర్చిన ఉష్ణశాస్త్రము, బలశాస్త్రము రెండును కావలెను.

పెట్టెలో ఎంత వేడి?

విద్యుత్తుతో పనిచేయు ఇస్త్రీపెట్టెకు న్యూయార్కు నగరవాసియైన హెన్రీ సీలీ 1882లో పేటెంటు పొందెను. తొలినాటి పెట్టెలలో వేడిని అదుపుచేయు సాధనము లేదు. కరెంటు ఉన్నంతసేపు వేడి పెరుగుచునే యుండెడిది. నేటి పెట్టెలలో థర్మోస్టాట్ ఉన్నది. వేడికి వేర్వేరుగా వ్యాకోచించు రెండు లోహములను అతికించిన పలక ఇందులోని ముఖ్యభాగము. వేడి హద్దుకు చేరగానే పలక వంగి కరెంటును తెంచును. చల్లారగానే నిటారై మరల కలుపును. బట్టలకు కుట్టిన చీటీలమీద ఇస్త్రీపెట్టె బొమ్మలో కనిపించు చుక్కలు ఈ హద్దులనే తెలుపును. ఒక చుక్కయైన సుమారు 110 డిగ్రీలు, రెండైన 150, మూడైన 200 డిగ్రీల సెల్సియస్. నూలు, నార బట్టలకు మూడు చుక్కల వేడి కావలెను.

అడుగుపలక మొదలైన లోహభాగములు 1.5 కిలోగ్రాముల ఇనుమునకు సమానమైన ఒక బరువుపెట్టెను తీసికొందము. ఇనుము విశిష్టోష్ణము కిలోగ్రాముకు డిగ్రీకి సుమారు 450 జౌళ్ళు. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, పెట్టె ఉష్ణోగ్రత 200 డిగ్రీలు అనుకొన్నచో, అందు దాగియున్న అధికోష్ణము 1.5 × 450 × 170, అనగా సుమారు 1,15,000 జౌళ్ళు. ఈ వేడితో దాదాపు 400 గ్రాముల నీటిని 30 డిగ్రీలనుండి మరుగుస్థానమునకు తేవచ్చును. ప్లగ్గు తీసిన తరువాతకూడ పెట్టెలో మిగిలియుండు వేడి ఇంత. గాలిలో ఉంచినచో అది చేతితో తాకదగినంత చల్లబడుటకు అరగంటకు తక్కువ పట్టదు.

దుప్పటి ఒక ఆనకట్ట

గుడ్డ అధమ ఉష్ణవాహకము. కావున నాలుగు మడతల దుప్పటి బల్లను వేడినుండి కాపాడునని చాలమంది నమ్మకము. ఇందు సగము సత్యమున్నది. చలికాలములో కంబళి మనలను వెచ్చగా ఉంచునది తన వేడితో కాదు, మన ఒంటివేడిని బయటికి పోనీయకపోవుటచేతనే. దుప్పటియు పెట్టెకు అదే పని చేయును. వేడిని క్రిందికి త్వరగా పోనీయదు. పోలేని వేడి పై మడతలోనే నిలిచిపోవును. కొద్దిసేపటిలో పై మడత ఉష్ణోగ్రత పెట్టె ఉష్ణోగ్రతతో సమానమగును.

నూలుగుడ్డ 200 డిగ్రీల వేడిని కొన్ని సెకండ్లు ఓర్చుకొనును. పెట్టెను కదల్చుచుండుటలో ఉన్న రహస్యము ఇదియే. నిమిషములు గడచినచో గుడ్డ పసుపువన్నెకు, పిదప గోధుమవన్నెకు తిరిగి, మెల్లగా బొగ్గగును. ఇట్లు మాడుచున్న గుడ్డ గాలిలోని ఆమ్లజనితో కలియునపుడు తానును వేడిని పుట్టించును. మడతల లోపల పుట్టిన ఆ వేడికి బయటికి దారి లేదు. అందుచేత మంట కనబడకుండనే లోలోపల రగులుట ఆరంభము కావచ్చును. అట్టి రగులు గాలి తగిలిన తావున మంటగా మారును. పాలియెస్టరు కలిసిన గుడ్డ అయినచో పెట్టె అంటిన చోట మెత్తబడి అడుగుపలకకు అతుకుకొనును. 260 డిగ్రీల ప్రాంతమున పాలియెస్టరు పూర్తిగా కరగిపోవును.

అనగా దుప్పటి వేడికి ఆనకట్ట వంటిది. ఎగువనుండి నీరు వచ్చుచునే యుండి దిగువకు దారి లేనప్పుడు ఆనకట్ట వెనుక నీటిమట్టము పెరుగక తప్పదు.

ఇటుక ఒక చెరువు

కొందరు పెట్టెను ఇటుకమీద గాని, రాతిపలకమీద గాని దింపుదురు. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో పనిచేయువారి బండిమీద రాతిపలకో, ఇనుపకమ్మీల చట్రమో ఉండుట పలువురు చూచియే యుందురు. ఇటుక అంటుకొనదు. అదిగాక దానికి వేడిని తాగు శక్తి అధికము. 3 కిలోగ్రాముల ఇటుక ఒక్క డిగ్రీ వేడెక్కుటకు సుమారు 2,500 జౌళ్ళు కావలెను. మన పెట్టెకు 675 జౌళ్ళు చాలును. ప్లగ్గు తీసిన పెట్టెను ఇటుకమీద ఉంచి, వేడి బయటికి ఏమాత్రము పోదని అనుకొన్నను, రెండును సమాన ఉష్ణోగ్రతకు వచ్చుసరికి ఆ ఉష్ణోగ్రత 66 డిగ్రీలు మాత్రమే అగునని విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును.

ఇది మంచి ఫలితమే. కాని ప్లగ్గు తీసిన పెట్టె విషయములోనే. మీట వేసియున్న పెట్టె ఒక్కసారి తన వేడిని ఇచ్చి ఊరకుండదు. ఇటుక ఎంత తాగిన అంత మరల పోయుచునే యుండును. ఇటుక చెరువు వంటిది. వరద ఆగినచో చెరువు కాపాడును. ఆగనిచో అదియు నిండును. గంటలు గడచినకొలది ఇటుక అడుగుభాగముకూడ వేడెక్కి, క్రిందనున్న చెక్కను వేడిచేయును. ఇటుకకు బదులు ఇనుపరేకును నేరుగా బల్లపై పరచుట మరియు తప్పు. రేకు వేడిని ఆపదు, తాగదు. పెట్టెనుండి అందుకొనినదానిని అందుకొనినట్లే బల్లకు అప్పగించును.

కావున ఆనకట్టయు చాలదు, చెరువును చాలదు. కావలసినది కాలువ. వచ్చిన వేడి బల్లను చేరకముందే దానిని గాలికి పంచిపెట్టు కాలువయే మంచి పీట.

కాలు పొడవు, కాలు సన్నము

వేడి ఒకచోటినుండి మరియొకచోటికి పోవుటకు మూడు దారులున్నవి: వహనము, సంవహనము, వికిరణము. పీట విషయములో మొదట చూడవలసినది వహనము, అనగా కాళ్ళగుండ దిగు వేడి.

లోహపుకడ్డీ ఒక చివర వేడిచేసినప్పుడు వేడి రెండవ చివరకు ప్రవహించును. కాని దారిపొడవునను కడ్డీ ఉపరితలమును తాకుచున్న గాలి ఆ వేడిని కొంచెము కొంచెముగా అందుకొనుచుండును. కడ్డీ సన్ననిదైనచో లోపల ప్రవహించు వేడి తక్కువ, దానితో పోల్చినచో గాలికి తగులు ఉపరితలము ఎక్కువ. కడ్డీ పొడవైనదైనచో గాలికి దొరకు అవకాశము ఎక్కువ. కడ్డీ లోహము అంత మంచి వాహకము కానిచో ఇంకను మేలు.

పాఠ్యపుస్తకములలో కనబడు ఇంగెన్‌హౌస్ ప్రయోగము ఇచ్చట అక్కరకు వచ్చును. మైనము పూసిన వేర్వేరు లోహముల కడ్డీలను ఒక వేడినీటి తొట్టికి అమర్చినచో, ఒక్కొక్క కడ్డీమీద మైనము ఒక్కొక్క పొడవువరకు కరగి నిలిచిపోవును. ఈ పొడవుల వర్గములు లోహముల ఉష్ణవాహకత్వములకు అనుపాతములో ఉండును. రాగి ఉష్ణవాహకత్వము సుమారు 400 ప్రమాణములు, స్టెయిన్‌లెస్ స్టీలుది సుమారు 16. నిష్పత్తి 25. కనుక ఒకే లావుగల కడ్డీలలో రాగిమీద వేడి ఎంతదూరము నడచునో స్టెయిన్‌లెస్ స్టీలుమీద అందులో అయిదవవంతు మాత్రమే నడచును. మామూలు ఉక్కు ఉష్ణవాహకత్వము సుమారు 50.

ఇప్పుడు రెండు పీటలను పోల్చెదము. మొదటిదానికి 6 మిల్లీమీటర్ల లావు, 4 సెంటీమీటర్ల ఎత్తుగల మామూలు ఉక్కు కాళ్ళు. పైకొన 200 డిగ్రీలవద్ద ఉన్నచో, గాలి ఎంత వేడిని తీసికొనునో లెక్కించి చూడగా పాదము ఉష్ణోగ్రత 180 డిగ్రీలకు పైగానే వచ్చును. కాలు ఉన్నదన్న పేరే గాని, బల్లకు పెట్టె తగిలినదానికిని పాదము తగిలినదానికిని భేదము స్వల్పము. రెండవదానికి 4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు తీగ కాళ్ళు. తీగ దారి 9 సెంటీమీటర్లు. అదే లెక్క ప్రకారము పాదము సుమారు 65 డిగ్రీలవద్ద నిలుచును. చెక్క ఆ వేడిని ఓర్చుకొనును. రెండు పీటలును ఇనుపపీటలే. కాని ఒకటి బల్లను మాడ్చును, రెండవది కాపాడును.

గాలి ఆపలేని వేడి

పెట్టెక్రింద ఖాళీ ఉన్నంత మాత్రమున పని ముగియదు. సంవహనము మనకు ఇచ్చట మేలే చేయును. వేడెక్కిన గాలి తేలికయై పైకి పోవునే గాని క్రిందికి దిగదు. అడుగుపలక క్రిందనున్న వేడిగాలి పలకనే అంటిపెట్టుకొని, అంచులవద్ద పక్కలకు జారి పైకిలేచును. అందుచేత పీట పక్కలు తెరచియుండవలెను. చుట్టును రేకుతో మూసిన అందమైన పెట్టెవంటి పీట ఈ దారిని మూసివేయును.

వికిరణమునకు గాలి అడ్డు కాదు. 200 డిగ్రీలవద్దనున్న నల్లని ఉపరితలము 30 డిగ్రీల పరిసరములకు చదరపు మీటరునకు సుమారు 2,360 వాట్లు వికిరణముచేయును. అడుగుపలక వైశాల్యము 200 చదరపు సెంటీమీటర్లు అనుకొన్నచో క్రిందికి వచ్చునది 47 వాట్లవరకు. మెరయు పలకనుండి ఇది చాల తక్కువ. నల్లపూతగల పలకనుండి ఇంచుమించు అంతయు వచ్చును. దీనికి విరుగుడు సులభము. పెట్టెకును బల్లకును నడుమ, రెండువైపుల గాలి ఆడునట్లు, ఒక పలుచని మెరయు అల్యూమినియం రేకును నిలిపిన చాలును. మెరయు లోహము వికిరణములో అధికభాగమును తిప్పికొట్టును. తాను వేడెక్కినను తక్కువగానే వికిరణముచేయును. రేకు రెండు ముఖముల ఉద్గారత 0.1 అయినచో బల్లకు చేరు వికిరణము లెక్క ప్రకారము ఇరువదవవంతునకు తగ్గును. అయితే రేకు బల్లను తాకినచో ఈ లాభము పోవును; మసిపట్టినను తగ్గును. కావున దానిని అప్పుడప్పుడు తుడుచుచుండవలెను.

కుదురు

వేడిని జయించిన పీట ఒరగి పెట్టెను పడవేసినచో ఫలితమేమి? గురుత్వకేంద్రమునుండి దింపిన నిలువుగీత ఆధారపు అంచును దాటినప్పుడు వస్తువు ఒరగును. ఆధారపు సగము వెడల్పును గురుత్వకేంద్రపు ఎత్తుతో భాగింపగా వచ్చినది ఒరగుకోణపు టాంజెంటు. గృహవిద్యుత్పరికరములు 10 డిగ్రీల వాలుమీద పడిపోరాదన్నది అంతర్జాతీయ ప్రమాణములలోని ఒక సామాన్యనియమము. పీటకు అంతకు చాల ఎక్కువ కోణము ఉండుట మంచిది. ఏలయన వాలు ఒక్కటే కాదు, తీగ తట్టుకొనుట, పిల్లలు లాగుట వంటివికూడ ఉన్నవి.

తీగ దారి 9 సెంటీమీటర్లు ఉండవలెనంటిమి. దానిని నిటారుగా నిలిపినచో పెట్టె 9 సెంటీమీటర్ల ఎత్తున ఉండును; గురుత్వకేంద్రము సుమారు 12 సెంటీమీటర్ల ఎత్తున. కాళ్ళు పెట్టె వెడల్పులోనే ఉన్నచో సగము వెడల్పు 5 సెంటీమీటర్లు. అప్పుడు ఒరగుకోణము 23 డిగ్రీలు. అదే తీగను మొదట 4 సెంటీమీటర్లు పక్కకు చాపి, తరువాత 5 సెంటీమీటర్లు క్రిందికి వంచినచో గురుత్వకేంద్రము 8 సెంటీమీటర్ల ఎత్తునకు దిగును, సగము వెడల్పు 9 సెంటీమీటర్లకు పైగా పెరుగును. ఒరగుకోణము 50 డిగ్రీల ప్రాంతమునకు వచ్చును. తీగ అంతే, వేడి నడచు దారి అంతే. కుదురు మాత్రము రెండింతలకు మించెను. కాలును పైకి పెంచుటకన్న పక్కకు చాపుట మేలని ఇందువలన తేలుచున్నది.

పెట్టెను మడమమీద నిలువుగా నిలుపువారును గలరు. ఆవిరిపెట్టెలు పెక్కు అట్లు నిలుచుటకే చేయబడినవి. కాని బరువంతయు అడుగుపలకవైపు ఉండుటచేత, తట్టుకొన్నచో పెట్టె సాధారణముగా ఆ పలకవైపునకే, అనగా వేడిముఖము బట్టకు తగులునట్లే పడును. మెత్తని దుప్పటిమీద నిలిపినప్పుడు ఈ భయము మరింత ఎక్కువ.

మూడు కాళ్ళా, నాలుగా? పొయ్యికి మూడు రాళ్ళు పెట్టుటలో అర్థమున్నది: మూడు బిందువులు ఎల్లప్పుడును ఒకే తలములో ఉండును గనుక ఎగుడుదిగుడు నేలమీదకూడ కదలవు. కాని త్రిభుజపు అంచులు గురుత్వకేంద్రమునకు దగ్గరగా ఉండుటచేత పక్కకు తోసినప్పుడు మూడుకాళ్ళది ముందుగా ఒరగును. కనుక బల్లను తాకు పాదములు నాలుగు, పెట్టెను మోయు గుబ్బలు మూడు ఉండుట ఉత్తమము. గుబ్బలు మూడే అయినచో పెట్టె వాటిపై ఊగదు, వేడి దిగు తావులును తగ్గును.

ఏది వాడవచ్చును, ఏది కూడదు

పాత పుస్తకములలో వేడివస్తువుల క్రింద ఆస్బెస్టాస్ పలకను ఉంచుమని తరచుగా కనబడును. ఆ సలహాను నేడు పాటింపరాదు. ఆస్బెస్టాస్ నూలుపోగులవంటి సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి కాన్సరు కలిగించునని, అన్నిరకముల ఆస్బెస్టాసునకు ఈ దోషమున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ స్పష్టముగా తెలిపినది. పాత ప్రయోగశాలలోని పలకను కోయుట, గీయుట, రంధ్రములు చేయుట అసలే కూడదు.

ప్లాస్టిక్ గుడ్డ, రెక్సిను వంటివి పెట్టె దరిదాపులలో ఉండరాదు. సాధారణ పి.వి.సి. తొడుగుగల వైరు 70 డిగ్రీలవరకే తగినది. పెట్టెలకు నూలు అల్లిక కప్పిన రబ్బరు వైరును వాడుటకు కారణమిదియే. చెక్క సాధారణముగా 250 డిగ్రీలు దాటినగాని అంటుకొనదు. అయినను 100 డిగ్రీలకు పైన పలుమారులు వేడెక్కుచున్న చెక్క నల్లబడి పెళుసుబారును. రంగువేసిన ఇనుము మొదటి వేడికే పొగ, వాసన ఇచ్చును. పాదములకు తొడుగు కావలెనన్న సిలికోన్ రబ్బరు తగినది.

ఒక నమూనా

పైన చెప్పినదంతయు కూర్చినచో ఇట్టి పీట ఏర్పడును. 4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు తీగతో పెట్టె ఆకారమున చట్రము, దానిపై నున్నగా వంచిన మూడు గుబ్బలు, మడమవైపు రెండు, మొనవైపు ఒకటి, పెట్టె జారకుండ మడమవైపును పక్కలను 1 సెంటీమీటరు ఎత్తుగల అంచు, చట్రమునుండి 4 సెంటీమీటర్లు పక్కకు చాచి 5 సెంటీమీటర్లు దించిన నాలుగు కాళ్ళు, బల్లకు 2.5 సెంటీమీటర్ల ఎత్తున కాళ్ళకు కట్టిన మెరయు అల్యూమినియం రేకు. ఊరిలో వెల్డింగు పనివాడు ఎవరైనను దీనిని చేయగలడు.

పరీక్షింపనిదే దేనిని నమ్మరాదు. ఉపాధ్యాయుల సమక్షమున, గచ్చునేలమీద ఒక చెక్కపలకనుంచి, దానిమీద ఈ పరీక్ష చేయవచ్చును. కొవ్వొత్తి మైనము 50 నుండి 60 డిగ్రీలలో కరగును. చిన్న మైనపు పలుకులను రేకుక్రింద చెక్కమీదను, కాలిపొడవున అరసెంటీమీటరునకు ఒకటి చొప్పునను ఉంచి, మూడు చుక్కల వేడిలో పెట్టెను అరగంటసేపు పీటమీద ఉంచవలెను. చెక్కమీది మైనము కరగరాదు. కాలిమీద అది ఎంతవరకు కరగినదో కొలిచి, మామూలు ఉక్కుకాలితో పోల్చవలెను. పరీక్ష ముగియగానే ప్లగ్గు తీసి, పుల్లతో ఒక నీటిచుక్కను పాదమునకు తాకింపవలెను. చుయ్యిమన్నచో పాదము 100 డిగ్రీలను మించినదన్నమాట. అట్టి కాలును ఇంకను పొడిగింపవలెను. చేతితో మాత్రము తాకిచూడరాదు. 70 డిగ్రీల లోహము ఒక్క సెకండులో, 60 డిగ్రీలది అయిదారు సెకండ్లలో చర్మమును కాల్చగలదు.

పీట చేయలేని పని

ఇంతటి పీటకును ఒక హద్దున్నది. పై లెక్కలన్నియు పెట్టె 200 డిగ్రీలవద్ద ఆగునన్న నమ్మకముమీద నిలిచినవి. థర్మోస్టాట్ కొనలు అతుకుకొనిపోయి కరెంటు తెగనిచో వేడి ఆ హద్దును దాటి పెరుగుచునే పోవును. కొన్ని పెట్టెలలో ఇందుకై కరగి తెగు ఫ్యూజు ఉండును, అన్నిటిలో ఉండదు. అప్పుడు ఏ పీటయు పూచీపడజాలదు. కరెంటు పోయిన తక్షణమే ప్లగ్గు తీయుట ఒక్కటే దానికి మందు.

తాళమువేసిన ఆ ఇంటిలోని పెట్టె దుప్పటిమీద గాక ఇట్టి పీటమీద ఉన్నచో, పదకొండు గంటలకు కరెంటు వచ్చినను, థర్మోస్టాట్ సరిగా ఉన్నంతవరకు, వేడి సన్నని కాళ్ళవెంట నడచి గాలిలో కలిసిపోవుచుండును. సాయంత్రము ఇంటివారు వచ్చి తలుపు తీయునప్పటికి నష్టము కొంత కరెంటు మాత్రమే. ప్లగ్గుకూడ తీసియున్నచో ఆ నష్టమును లేకపోవును.